వీఎంసీకి రోటరీ టేబుల్ పెడుతున్నారా? ముందు జాబ్‌ని ఎలా పట్టుకుంటారో తేల్చుకోండి

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ఏ క్రాస్‌లోకి తిరిగినా ఒక వీఎంసీ షాపు తగులుతుంది, అంటే ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే నిలువు స్పిండిల్ మెషీన్ ఉన్న షాపు. చాలా షాపుల్లో సంగతి ఒకటే: మెషీన్ మంచిదే, బీటీ40 సైజు టూళ్లు పట్టే స్పిండిల్, ఇరవై టూళ్లని దానంతట అదే మార్చే ఏటీసీ, కానీ టేబుల్ మీద చూస్తే ఒక వైస్, రెండు వీ బ్లాకులు, డబ్బా నిండా స్ట్రాప్ క్లాంపులు. నాలుగు వైపులా హోల్స్ ఉన్న జాబ్ (కోయాల్సిన ముక్క) వస్తే నాలుగు సెట్టింగులు. ప్రతిసారీ విప్పడం, తుడవడం, డయల్ గేజ్ పెట్టి సరిచూడటం, మళ్లీ జీరో పట్టుకోవడం, ఇంత చేశాక క్వాలిటీ వాళ్లు "ఈ హోల్‌కీ ఆ హోల్‌కీ రిలేషన్ రావట్లేదు" అని జాబ్ వెనక్కి తోసేయడం. అప్పుడు ఓనరుకి రోటరీ, అంటే జాబ్‌ని విప్పకుండానే కావాల్సిన కోణానికి తిప్పే టేబుల్, గుర్తొస్తుంది, డీలరుకి ఫోన్ వెళ్తుంది, 170 సైజు ఎంత, 200 సైజు ఎంత అని రేట్లు అడగడం మొదలవుతుంది.

నా మాట వింటే ఆ ఫోన్ అన్నిటికన్నా చివర్న చేయండి. టేబుల్ ఏ కంపెనీదైనా తిరుగుతుంది, అది దాని పని. దాని మీద జాబ్‌ని దేంతో పట్టుకుంటున్నాం, ఎంత గట్టిగా పట్టుకుంటున్నాం, తిరిగే సెంటర్‌కి ఎంత దగ్గరగా పట్టుకుంటున్నాం అన్నదాంట్లోనే మీ సైకిల్ టైమ్, రిజెక్షన్, చివరికి ఈఎంఐ కట్టగలగడం కూడా ఉన్నాయి. ఫిక్స్చర్, అంటే జాబ్‌ని పట్టుకునే ఏర్పాటు, తేలితే టేబుల్ సైజు దానంతట అదే తేలుతుంది. టేబుల్ కొనేసి తర్వాత ఫిక్స్చర్ వెతుక్కుంటే, ఉన్న జాగాలో జాబ్‌ని ఇరికించడమే సరిపోతుంది.

అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆపరేటర్లుగా చేరి, సెట్టర్లయి, తర్వాత ఒకటి రెండు మెషీన్లు సొంతంగా పెట్టుకున్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. కంట్రోల్ (మెషీన్‌ని నడిపే కంప్యూటర్) విషయం వచ్చినచోట ఫానుక్ 0ఐ లెక్కన చెప్పాను. సీమెన్స్, మిత్సుబిషి వాళ్లకి నంబర్లు మారతాయి, ఆలోచన మారదు.

ముందు జాబ్

మీ షాపుకి నెలనెలా తిరిగొచ్చే జాబులు నాలుగైదు తీసి బల్ల మీద పెట్టండి. డ్రాయింగులు కాదు, ముక్కలే. ఎప్పుడో ఒకసారి వచ్చే వింత జాబ్ కోసం లక్షలు పెట్టొద్దు.

ముక్కలు గుండ్రంగా ఉంటే, అంటే షాఫ్ట్, బుష్, ఫ్లాంజ్ లాంటివైతే, పని సులువు. రోటరీ ఫేస్ మీద త్రీ జా చక్ పెట్టి, పొడుగు షాఫ్ట్ అయితే అవతలి కొసని ఆపే టెయిల్‌స్టాక్ సెంటర్ పెడితే చాలు. మామూలు చక్‌లో విప్పి బిగించిన ప్రతిసారీ మి.మీ.లో కొన్ని వందో వంతుల రన్‌అవుట్ (సెంటర్ తప్పి ఊగడం) తేడా వస్తుంది. కీవే, క్రాస్ హోల్ లాంటి వాటికి అది పట్టింపు ఉండదు, గట్టి టాలరెన్స్ ఉన్నచోట కాలెట్ (ముక్క చుట్టూ బిగిసే చీలికల గొట్టం) వాడండి, లేదంటే వెనక బ్యాక్‌ప్లేట్‌లో అడ్జస్ట్ చేసుకునే చక్ తీసుకోండి. టెయిల్‌స్టాక్‌ని మాత్రం బలం ఉంది కదా అని నొక్కేయొద్దు, సన్నటి షాఫ్ట్ విల్లులా వంగుతుంది, మధ్యలో కోసిన స్లాట్ లోతు చివర్ల కంటే తేడాగా వస్తుంది, అప్పుడు ప్రోగ్రామ్‌ని తిట్టుకుంటూ కూర్చోవాలి.

వాల్వ్ బాడీ, గేర్‌బాక్స్ హౌసింగ్ లాంటి పెట్టె ఆకారం కాస్టింగులైతే క్రేడిల్ కావాలి. రోటరీకీ టెయిల్ సపోర్టుకీ మధ్య ఉయ్యాలలా వేలాడే ప్లేటు అది. దాని మీద జాబ్ కూర్చుంటే పైనుంచి, ముందు నుంచి, వెనక నుంచి మూడు వైపులా స్పిండిల్‌కి దొరుకుతుంది, ప్లేటులో కిటికీ కోస్తే అడుగు నుంచి కూడా. చిన్న ముక్కలు ఎక్కువ సంఖ్యలో వస్తే టూంబ్‌స్టోన్, అంటే నాలుగు ముఖాల దిమ్మె. ఒక్కో ముఖానికి రెండు చొప్పున ఎనిమిది జాబులు ఒకే లోడింగ్‌లో. ఇందులో లాభం ఎక్కడుందో చాలామంది సరిగ్గా చూడరు. ఆరు టూళ్లున్న జాబ్‌ని ఒక్కొక్కటిగా చేస్తే ఎనిమిదింటికి 48 టూల్ చేంజులు, కలిపి చేస్తే 6. మిగిలిన 42 చేంజులకి అయిదేసి సెకన్లు వేసుకున్నా 210 సెకన్లు మిగులుతాయి. అందులోంచి ఇండెక్సింగ్‌కి, అంటే ముఖం మార్చి తిప్పడానికి, పోయే టైమ్ తీసేయాలి: ఆరు టూళ్లు, నాలుగు ముఖాలు, 24 సార్లు తిప్పడం, అన్‌క్లాంప్, క్లాంప్ కలిపి రెండు సెకన్లనుకుంటే 48. ఇంకా 160 సెకన్ల చిల్లర లాభమే. కానీ నిజం చెప్పాలంటే ఈ లాభంలో చాలా భాగం టేబుల్ మీద నాలుగు వైసులు వరసగా పెట్టినా వస్తుంది. జాబ్‌కి ఒకే వైపు పని ఉంటే రోటరీ కొనొద్దు, వైసులు కొనండి.

స్వింగ్ లెక్క

ఫిక్స్చర్ కాగితం మీద గీశాక మొదట వేయాల్సిన లెక్క ఇది: తిరిగేటప్పుడు జాబ్ మూల సెంటర్ నుంచి ఎంత దూరం పోతుంది అన్నది. 150 మి.మీ. చదరపు టూంబ్‌స్టోన్ అనుకుందాం, సెంటర్ నుంచి ముఖానికి 75. దాని మీద 120 వెడల్పు, 30 మందం ఉన్న జాబ్. అంటే సెంటర్ నుంచి జాబ్ పైభాగానికి 105, పక్కకి 60. 105 వర్గం 11,025, 60 వర్గం 3,600, రెండూ కలిపితే 14,625, దాని వర్గమూలం దాదాపు 121. రోటరీ సెంటర్ హైట్ (మెషీన్ టేబుల్ నుంచి తిరిగే సెంటర్ ఎత్తు) 135 అయితే జాబ్ మూల మెషీన్ టేబుల్‌కి 14 మి.మీ. పైనుంచి తిరిగిపోతుంది, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ జాబ్ మీద ఎం10 అలెన్ బోల్టు ఉంటే దాని తల ఎత్తు 10. సెంటర్ నుంచి 50 పక్కన ఆ బోల్టు ఉంటే తల పైభాగం 115 ఎత్తులో, అంటే దాదాపు 125 రేడియస్‌లో తిరుగుతుంది. ఇక మిగిలింది 10 మి.మీ. కూడా లేదు, దాని కింద చిప్స్ కుప్ప పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు రెండే దారులు: టూంబ్‌స్టోన్ సన్నది చేయడం, లేదా రోటరీనీ టెయిల్‌స్టాక్‌నీ ఒకే ఎత్తు రైజర్ బ్లాకుల మీద ఎక్కించడం. బోల్టు తలలు కౌంటర్‌బోర్‌లో (తల మునిగే గుంటలో) దించేస్తే, పక్క నుంచి నొక్కే ఎడ్జ్ క్లాంపులు వాడితే జాగా ఎంతో కలిసొస్తుంది.

కింద లెక్క అయ్యాక పైన కూడా చూడాలి. స్పిండిల్ ముక్కు జెడ్ హోమ్‌లో (పైకీ కిందికీ కదిలే దిశలో పై కొసన) టేబుల్‌కి ఎంత ఎత్తులో ఉందో కొలవండి, అందులోంచి మీ అత్యంత పొడుగు టూల్ పొడవు తీసేయండి, మిగిలింది స్వింగ్ పైభాగం కంటే ఎక్కువ ఉండాలి, అదీ బాగా ఎక్కువ. ఆర్మ్ టైప్ ఏటీసీ టూల్‌ని కిందికి లాగి తిప్పుతుంది కాబట్టి ఆ దిగే దూరం కూడా కలుపుకోండి. ఎక్స్‌లో, అంటే టేబుల్ పొడవునా, పోయే జాగా చూస్తే మొదటిసారి కొన్నవాళ్లకి దిగులేస్తుంది: రోటరీ బాడీ, చక్ లేదా ఫేస్‌ప్లేట్, టెయిల్‌స్టాక్ అన్నీ కూర్చున్నాక 800 ట్రావెల్ మెషీన్‌లో జాబ్‌కి మిగిలేది సగం చిల్లర. రోటరీని మామూలుగా టేబుల్ కుడిచివర పెడతారు, ఏటీసీ ఎడమవైపు ఉంటుంది కాబట్టి. అక్కడ మోటార్ డబ్బా బయటికి పొడుచుకొస్తుంది. పెట్టే ముందు అట్టపెట్టెతో అదే సైజు నమూనా చేసి టేబుల్ మీద ఉంచి, ఎక్స్ రెండు చివర్లకీ, వై (ముందుకీ వెనక్కీ) రెండు చివర్లకీ నెమ్మదిగా తోలి చూడండి. డోరుకీ, షీట్ గార్డుకీ తగిలితే అట్టపెట్టే నలుగుతుంది, మోటార్ కాదు.

ఎంత గట్టిగా పట్టుకోవాలి

కేటలాగులో క్లాంపింగ్ టార్క్ అని ఒక అంకె ఉంటుంది, టేబుల్ ఎంపికలో నేను మొదట చూసేది అదే. తిరిగిన తర్వాత బ్రేక్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. సెంటర్ నుంచి 80 మి.మీ. పక్కన డ్రిల్ కొడుతున్నారు, డ్రిల్ తోపుడు 2000 న్యూటన్లు అనుకుంటే, 2000 ఇంటూ 0.08, అంటే 160 న్యూటన్ మీటర్లు బ్రేక్ మీద పడతాయి. మిల్లింగ్‌లో అయితే ఈ బలం టకటకా కొడుతూ వస్తుంది కాబట్టి కేటలాగు అంకెలో సగానికి మించి వాడుకోకుండా ఉండటం మంచిది. గాలితో పట్టే బ్రేక్ కంటే హైడ్రాలిక్ బ్రేక్ ఎక్కువ పట్టు ఇస్తుంది, గాలి ఒత్తిడిని లోపలే ఆయిల్ ఒత్తిడిగా పెంచే రకాలు కూడా ఉన్నాయి. క్రేడిల్ పొడుగ్గా ఉంటే రోటరీ వైపు బ్రేక్ పట్టుకున్నా టెయిల్ వైపు మెలి తిరుగుతుంది, చాటర్ (కోతలో అదురు) వస్తుంది. అలాంటప్పుడు బ్రేక్ ఉన్న టెయిల్ సపోర్టు తీసుకోండి, లేదా క్రేడిల్‌ని పలచటి ప్లేటు కాకుండా పెట్టె సెక్షన్‌లో చేయించండి.

ఇంకో విషయం, బ్యాలెన్స్. క్రేడిల్, జాబ్ కలిపి 20 కిలోలు, వాటి గురుత్వ కేంద్రం తిరిగే సెంటర్ నుంచి 50 మి.మీ. పక్కకి ఉంటే దాదాపు 10 న్యూటన్ మీటర్లు ఎప్పుడూ ఒకవైపు లాగుతూ ఉంటాయి. వర్మ్ గేరు టేబుల్ అయితే ఓర్చుకుంటుంది, గేర్లు లేకుండా నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మోటార్ అయితే వేడెక్కుతుంది. క్రేడిల్‌ని కిందికి దించి జాబ్ మధ్యభాగం సరిగ్గా సెంటర్ లైన్ మీదికి వచ్చేలా చేస్తే ఈ లాగుడు తగ్గుతుంది, కోణం తప్పు వల్ల వచ్చే తేడా కూడా తగ్గుతుంది. ఎందుకంటే 20 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) తప్పు 100 మి.మీ. రేడియస్ దగ్గర దాదాపు 10 మైక్రాన్లు, 200 దగ్గర 20. సెంటర్‌కి దగ్గరగా ఉన్న హోల్‌కి అదే తప్పు కనిపించను కూడా కనిపించదు. ఖరీదైన టేబుల్ కొని జాబ్‌ని దూరంగా వేలాడదీయడం కంటే మామూలు టేబుల్ కొని దగ్గరగా పెట్టుకోవడం తెలివైన పని.

క్రేడిల్ చేయించేటప్పుడే జాబ్ కూర్చునే చోట రెండు డోవెల్ పిన్నులు పెట్టించండి, ఒకటి గుండ్రటిది, రెండోది డైమండ్ పిన్ (రెండు పక్కలా చెక్కినది). రెండూ గుండ్రటివి పెడితే కాస్టింగ్ హోల్ పిచ్‌లో చిన్న తేడా వచ్చినా జాబ్ దిగదు, ఆపరేటర్ సుత్తి తీసుకుంటాడు. జాబులు రోజూ మారే షాపుకి జీరో పాయింట్ ప్లేటు, దాంట్లో ప్రతిసారీ అదే చోట బిగిసే పుల్ స్టడ్‌లు బాగుంటాయి. రెండే జాబులు ఏడాదంతా తిరిగే షాపుకి అది దండగ, డోవెళ్లు, నాలుగు బోల్టులు చాలు. హైడ్రాలిక్ ఫిక్స్చర్ పెట్టాలంటే గొట్టాలు ఎలా తిరుగుతాయో ముందే ఆలోచించుకోండి, రోటరీ జాయింట్ లేకపోతే గొట్టం చుట్టుకుపోతుంది.

టేబుల్, కంట్రోల్, కరెంటు

ఇక డీలరుకి ఫోన్ చేయొచ్చు. వర్మ్ గేరు రకం మన షాపులకి సరిపోతుంది. రోలర్ క్యామ్ రకంలో బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు కనిపించే లూజు) బాధ దాదాపు ఉండదు, వేగం ఎక్కువ, ధర కూడా ఎక్కువే. నిక్కెన్, సుడకోమా, కితగావా లాంటి జపాన్ పేర్లు అందరికీ తెలిసినవే, మన బెంగళూరులోనే యూక్యామ్ వాళ్లు రోటరీ టేబుళ్లు తయారు చేస్తున్నారు. ఏది కొన్నా సర్వీసు మనిషి ఎంతలో వస్తాడో అడిగి కొనండి. తుమకూరు రోడ్డులో బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఐఎంటెక్స్ మెషీన్ల ప్రదర్శన జరిగినప్పుడు తప్పకుండా వెళ్లండి, మాదావర దాకా మెట్రో పడ్డాక ట్రాఫిక్ టెన్షన్ కూడా లేదు. కానీ ఖాళీ చేతులతో పోవద్దు, మీ జాబ్ ఒకటి సంచిలో వేసుకెళ్లి స్టాల్ మీద పెట్టి "దీన్ని దేంతో పడతారు" అని అడగండి. బ్రోషర్ చేతిలో పెట్టి పంపేవాడెవడో, కాగితం తీసి గీసేవాడెవడో అక్కడే తెలిసిపోతుంది.

మీ మెషీన్ కొన్నప్పుడు ఫోర్త్ యాక్సిస్ (ఎక్స్, వై, జెడ్ తర్వాత నాలుగోది, అంటే రోటరీ) రెడీ అని తీసుకున్నారా లేదా చూసుకోండి. రెడీ అంటే ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం. కొందరు మోటార్‌ని నడిపే ఆంప్లిఫయర్, కేబుల్, కనెక్టర్ దాకా అన్నీ పెట్టి ఇస్తారు, కొందరు వైరు పోయే రంధ్రం ఉంచి రెడీ అంటారు. కంట్రోల్‌లో నాలుగో యాక్సిస్ ఆప్షన్ తెరిచి ఉండాలి, సర్వో ఆంప్లిఫయర్ ఉండాలి, అది ఫైబర్ కేబుల్‌తో మిగతా వాటి గొలుసులో కలవాలి, పవర్ సప్లై మాడ్యూల్‌కి ఆ అదనపు మోటార్ మోసే శక్తి ఉండాలి, క్లాంప్ అన్‌క్లాంప్ కోసం పీఎంసీ ల్యాడర్‌లో (స్విచ్‌లు, వాల్వ్‌లు ఎప్పుడు పనిచేయాలో చెప్పే లోపలి ప్రోగ్రామ్‌లో) మార్పు ఉండాలి. ఈ చివరిది మెషీన్ తయారుచేసిన కంపెనీ వాళ్లతోనో, ల్యాడర్ బాగా తెలిసినవాళ్లతోనో చేయించండి. ఇవేవీ లేని పాత మెషీన్ అయితే సొంత కంట్రోలర్ ఉన్న ఇండెక్సర్ పెట్టుకుని ఒక ఎం కోడ్‌తో "తిరుగు" అని చెప్పించొచ్చు. దాంతో ఆగి ఆగి తిరిగే పని అవుతుంది, ఎక్స్‌తో కలిసి తిరుగుతూ స్క్రోల్ (మెలికల గాడి) కోయడం అవ్వదు. మన జాబుల్లో చాలావాటికి ఆగి తిరగడమే కావాలి కాబట్టి దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

గాలి గురించి ఒక్క మాట. బ్రేక్‌కి 5-6 బార్ గాలి, అదీ నీళ్లు లేని గాలి కావాలి. కరెంటు పోయి డీజీ (జనరేటర్) ఎక్కేలోపు కంప్రెసర్ ట్యాంకు ఒత్తిడి పడిపోవడం మన ఏరియాలో మామూలే. ప్రెషర్ స్విచ్ పెట్టించి, ఒత్తిడి తగ్గితే ఫీడ్ ఆగేలా ల్యాడర్‌లో రాయించండి. క్లాంప్ అయింది అన్న సిగ్నల్ వచ్చాకే తర్వాతి బ్లాక్ నడవాలి. టైమర్ పెట్టి సరిపెడతాం అంటే ఒప్పుకోవద్దు.

బిగించడం, సెంటర్ పట్టడం

మొదట పారామీటర్లు (కంట్రోల్ లోపలి సెట్టింగులు), పీఎంసీ, మాక్రోలు, ఆఫ్‌సెట్లు (జీరో ఎక్కడుందో చెప్పే అంకెలు) అన్నీ మెమరీ కార్డులోకి బ్యాకప్ తీసి ఆ కార్డు ఓనరు జేబులో పెట్టండి. తర్వాతే స్పానర్ పట్టుకోండి.

టేబుల్‌ని ఆయిల్ స్టోన్‌తో రుద్ది బర్ తీయండి, రోటరీ అడుగు కూడా. టీ-స్లాట్ కీలు దారి చూపిస్తాయి అంతే, అలైన్‌మెంట్ డయల్‌తోనే చేయాలి. రోటరీ బోర్‌లో టెస్ట్ మాండ్రెల్ (కొలత కోసం వాడే నున్నటి గుండ్రటి కడ్డీ) పెట్టి, దాని పైభాగం మీదా, పక్క మీదా ఎక్స్ దిశలో డయల్ తోలండి. 300 మి.మీ.కి 0.01 లోపు ఉంటే చాలు. ఇక్కడ చాలామంది ఒకేసారి చూసి వదిలేస్తారు. మాండ్రెల్‌కే రన్‌అవుట్ ఉండొచ్చు కదా, అందుకే రోటరీ యాక్సిస్ (కంట్రోల్‌లో దాని పేరు 'ఏ') 0 దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి రీడింగ్ తీసి రెండింటి సగటు తీసుకోండి. ఆ సగటే రోటరీ అసలు వంపు, మిగిలింది మాండ్రెల్ తప్పు. పక్కకి తేడా ఉంటే రోటరీని తట్టి సరిచేయొచ్చు, పైకి కిందికి తేడా ఉంటే మళ్లీ విప్పి అడుగు శుభ్రం చేయండి, చాలాసార్లు సన్నటి చిప్ ఒకటి దొరుకుతుంది. టెయిల్‌స్టాక్‌ని రోటరీ సెట్ అయ్యాకే, దాని లైన్‌కి కలపాలి. బోల్టులు బిగించాక మళ్లీ డయల్ చూడండి, బిగించేటప్పుడే ఎక్కువగా జరుగుతుంది.

ఇప్పుడు అసలు పని, తిరిగే సెంటర్ కనుక్కోవడం. ఇది తప్పితే పైన చేసిందంతా వృథా. స్పిండిల్‌లో లివర్ డయల్ పెట్టి, మాండ్రెల్ ముందు పక్కన తాకించండి, జెడ్‌ని కొద్దిగా పైకీ కిందికీ జరిపి ఎక్కువ రీడింగ్ వచ్చే చోటు పట్టండి, ఆ తర్వాత స్పిండిల్‌ని చేత్తో 180 తిప్పి వెనక పక్కన కూడా అలాగే చూడండి. రెండూ సమానమైన చోటు వై సెంటర్. జెడ్‌కి మాండ్రెల్ పైభాగాన్ని తాకించి, వైలో జరిపి ఎత్తైన చోటు పట్టి, అందులోంచి రేడియస్ తీసేయండి. మాండ్రెల్ 30 అని రాసి ఉన్నా మైక్రోమీటర్‌తో కొలిచిన అంకెనే సగం చేయండి. ఇదంతా స్పిండిల్‌ని కాసేపు తిప్పి వేడెక్కించాక చేయాలి. రేకుల షెడ్డులో పొద్దున్న ఏడింటికి పట్టిన జెడ్ మధ్యాహ్నం అలాగే ఉంటుందని ఆశించకండి.

డయల్‌తో పట్టిన సెంటర్‌ని కోసి నిర్ధారించుకోండి. అల్యూమినియం దిమ్మె ఒకటి బిగించి, వర్క్ జీరోని సెంటర్ దగ్గర పెట్టి, ఏ0 దగ్గర జెడ్40లో ఒక ఫ్లాట్ కోయండి, ఏ180కి తిప్పి అదే జెడ్40లో ఇంకో ఫ్లాట్. మందం 80.00 రావాలి. 80.04 వస్తే మీరు పట్టిన సెంటర్ అసలు సెంటర్ కంటే 0.02 పైన ఉందని అర్థం, జెడ్ ఆఫ్‌సెట్ 0.02 కిందికి దించండి. అయితే టూల్ లెంగ్త్ తప్పు కూడా ఇదే రూపంలో కనిపిస్తుంది కాబట్టి నమ్మకమైన టూల్‌తోనే ఈ పరీక్ష చేయండి. వైకి ఇంకో పద్ధతి: ఏ0 దగ్గర వై ప్లస్ 20లో పక్క గోడని సగం లోతు దాకా కోయండి, ఏ180 తిప్పి వై మైనస్ 20లో మిగిలిన సగం కోయండి. రెండు కోతలూ ఒకే గోడ మీద కలుస్తాయి. మధ్యలో మెట్టు వస్తే ఆ మెట్టులో సగం మీ వై తప్పు. గోరు తగిలినా తెలుస్తుంది, అంత మంచి పరీక్ష ఇది.

పారామీటర్లు, ప్రోగ్రామ్

పారామీటర్లు సర్వీసు మనిషే పెడతాడు, కానీ ఏం పెట్టాడో మీకు తెలియాలి. 1020లో యాక్సిస్ పేరు, ఏ అంటే 65. 1006లో బిట్ 0 అది రోటరీ అని చెబుతుంది. 1008లో రోల్‌ఓవర్ (360 దగ్గర మళ్లీ 0 నుంచి లెక్క), 1260లో ఒక చుట్టుకి 360. 2084, 2085 గేర్ నిష్పత్తి: టేబుల్ 90కి 1 అయితే మోటార్ ఒక చుట్టు తిరిగితే టేబుల్ 4 డిగ్రీలు, 0.001 డిగ్రీ లెక్కన 4000 పల్సులు, దాన్ని పది లక్షలతో భాగిస్తే 250లో 1 వంతు. అంటే 2084లో 1, 2085లో 250. ఇది తప్పితే ఏ90 అంటే 90 తిరగదు, ఫేస్ మీద స్కెచ్ పెన్‌తో గీత గీసి జీ91లో (ఉన్నచోటి నుంచి లెక్కగా) ఏ360 కొట్టి చూస్తే తేలిపోతుంది. 1851 బ్యాక్‌లాష్. తిరిగే దిశ క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో (కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ తయారుచేసేది) కనిపించే దిశతో కలుస్తోందా అన్నది ఏ10 కొట్టి గాల్లోనే చూసుకోండి, అద్దంలో బొమ్మలా తిరగేసిన జాబ్ వస్తే కస్టమర్ నవ్వడు.

ప్రోగ్రామ్ జీరో ఎప్పుడూ తిరిగే సెంటర్ దగ్గరే పెట్టుకోండి. వై, జెడ్ రెండూ. జాబ్ మూల మీద జీరో పెడితే తిప్పిన ప్రతిసారీ ఆ మూల ఎక్కడికి పోయిందో లెక్కేసుకోవాలి, లేదా ముఖానికొక ఆఫ్‌సెట్ జీ54, జీ55, జీ56 అని పెట్టుకుంటూ పోవాలి. క్రేడిల్ మారినా, జాబ్ మారినా సెంటర్ మాత్రం మారదు.

తిప్పే ముందు జెడ్‌ని జీ53 జెడ్0కి (మెషీన్ పై కొసకి) పంపేయడం అలవాటు చేసుకోండి. రెండు సెకన్లు పోతాయి, పోనివ్వండి. కొన్ని మెషీన్లలో క్లాంప్ ఎం10, అన్‌క్లాంప్ ఎం11, మీ ల్యాడర్‌లో ఏముందో చూసుకోండి. తిరుగుతూ కోసేటప్పుడు అన్‌క్లాంప్‌లోనే ఉండాలి, ఆగి కోసేటప్పుడు తప్పకుండా క్లాంప్. ఏ యాక్సిస్ ఒక్కటే తిరిగే కోతలో ఎఫ్ అంకె మి.మీ.లో కాదు, నిమిషానికి డిగ్రీల్లో. 50 వ్యాసం మీద 300 మి.మీ. ఫీడ్ కావాలంటే చుట్టుకొలత 157, 300ని 157తో భాగించి 360తో గుణిస్తే దాదాపు 688 డిగ్రీలు. ఇది తెలియక ఎఫ్300 అని ఇచ్చి టూల్ రుద్దుకుంటోందని గొణిగేవాళ్లని చూశాను. ఎక్స్, ఏ కలిసి కదిలే కోతలకి క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి జీ93 ఇన్వర్స్ టైమ్‌లో (ఫీడ్‌ని కదలికకి పట్టే సమయంతో చెప్పే పద్ధతిలో) ప్రోగ్రామ్ తీయించండి. గుండ్రటి ముక్క చుట్టూ తిరిగే గాడికి (క్యామ్ స్లాట్) ప్రోగ్రామ్ చేత్తో రాస్తే జీ07.1 ఉంది, రేడియస్ ఇచ్చి పిలిస్తే గుండ్రటి ఉపరితలాన్ని విప్పి పరిచిన కాగితంలా రాసుకోవచ్చు, ఏ0 ఇచ్చి రద్దు చేయాలి. రోల్‌ఓవర్ పెట్టుకుంటే ఏ350 నుంచి ఏ10కి దగ్గరి దారిలో పోతుంది, ఫిక్స్చర్‌కి గొట్టాలుంటే ఆ దగ్గరి దారే ప్రమాదం.

తర్వాత చూసుకోవాల్సినవి

ఆయిల్ గాజు వారానికోసారి చూడండి. కనెక్టరులోకి కూలెంట్ దిగితే ఎన్‌కోడర్ (తిరిగిన కోణం చెప్పే సెన్సర్) అలారం వస్తుంది, అందుకని కేబుల్‌ని కింది నుంచి పైకి వంపు తిప్పి కట్టండి, నీళ్లు కేబుల్ వెంట జారి కనెక్టరులోకి పోకుండా. వర్మ్ గేరు అన్నిచోట్లా ఒకేలా అరగదు, ఎప్పుడూ 0, 90, 180, 270 దగ్గరే పని చేయిస్తే అక్కడే అరుగుతుంది. కాబట్టి బ్యాక్‌లాష్ కొలిచేటప్పుడు ఆ నాలుగు చోట్లా కొలవండి, 45 దగ్గర కూడా ఒకసారి. నాలుగు చోట్ల ఎక్కువ, 45 దగ్గర తక్కువ వస్తే 1851లో పెద్ద అంకె పెట్టి దాచొద్దు, సర్వీసుకి ఇవ్వండి. కస్టమర్ రోటరీ కాలిబ్రేషన్ రిపోర్టు అడిగితే తుమకూరు రోడ్డులోనే సీఎంటీఐ (సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్) ఉంది, కొలతల పరీక్షలు వాళ్లు చేస్తారు.

పెద్ద ప్లేటు జాబ్ వచ్చి రోటరీ దించాల్సి వస్తే కేబుల్ ఊరికే పీకేయొద్దు. ముందు 1005లో బిట్ 7 ఆన్ ఉందో లేదో చూసి, 0012లో బిట్ 7తో యాక్సిస్‌ని కంట్రోల్ నుంచి విడదీయండి, పవర్ ఆపండి, అప్పుడు కనెక్టర్ విప్పండి. పవర్ ఆపినా స్థానం గుర్తుంచుకునే ఆబ్సల్యూట్ ఎన్‌కోడర్ అయితే కేబుల్ విప్పాక జీరో పోతుంది, మళ్లీ తగిలించినప్పుడు 1815లో హోమ్ తిరిగి పెట్టుకోవాలి. అందుకే జీరోలో ఉండగానే ఫేస్‌కీ బాడీకీ కలిపి సన్నటి గీత ఒకటి గీసి ఉంచండి, ఆ గీతతో దగ్గరికి తెచ్చి, క్రేడిల్ పైభాగం మీద డయల్ తోలి చివరి సర్దుబాటు చేయొచ్చు. విప్పిన రెండు కనెక్టర్లకీ మూతలు పెట్టండి, మూతలు పోయి ఉంటే కనీసం ప్లాస్టిక్ కవర్ చుట్టి కేబుల్ టై వేయండి. రోటరీ ఫేస్‌కీ, అడుగుకీ ఆయిల్ పూసి చెక్క మీద పెట్టండి, నేల మీద కాదు.